జోన్ అంకె చెప్పని ఎండ: పరదేశపు మొక్కలు, పెరటి వాతావరణం

పరాయి దేశాల మొక్కలు అమ్మే నర్సరీల చీటీల మీదా, ఆన్‌లైన్ అంగళ్లలోనూ మొక్క పేరు కింద తరచుగా ఒక అంకె కనిపిస్తుంది: జోన్ 9 నుంచి 11 వరకు, జోన్ 10 నుంచి 12 వరకు అని. అమెరికా వ్యవసాయ శాఖ 1960లో తొలిసారి ప్రచురించి, తరువాత పలుమార్లు సవరించి, 2023లో మళ్లీ కొత్తగా విడుదల చేసిన పటంలోని అంకె అది. ఆ పటం జవాబు చెప్పేది ఒక్క ప్రశ్నకే. ఒక ఊళ్లో ఏడాది మొత్తం మీద అతి చల్లని రాత్రి ఎంత చల్లగా ఉంటుందో చూసి, ముప్పై ఏళ్ల అలాంటి రాత్రుల సగటు తీస్తే ఎంత వస్తుంది అన్నదే ఆ ప్రశ్న. ఒక్కో జోన్‌కు 10 ఫారన్‌హీట్ డిగ్రీల వెడల్పు, అంటే సుమారు 5.6 సెల్సియస్ డిగ్రీలు. మొత్తం 13 జోన్లు. హైదరాబాద్‌ను ఆ లెక్కలోకి తెస్తే 11, 12 జోన్ల సరిహద్దు దగ్గర నిలుస్తుంది. దాన్ని బట్టి అవకాడో మొదలుకొని సింబీడియం ఆర్కిడ్ దాకా దేనికీ ఇక్కడ ఇబ్బంది ఉండకూడదు. ఆ నమ్మకంతో కొన్న మొక్క డిసెంబరు చలిని నిక్షేపంగా దాటి, మే రెండో వారంలో ఆకుల అంచులు మాడ్చుకుని, ఆగస్టులో మొదలు కుళ్లి పడిపోయినప్పుడు పొరపాటు ఎక్కడ జరిగిందో ఆ చీటీ చెప్పదు.

పటంలో తప్పేమీ లేదు; అది వేసే ప్రశ్న మన నేలకు సంబంధించినది కాదు, అంతే. తెలుగు రాష్ట్రాల మైదానాల్లో చలికి చచ్చే మొక్కలు చాలా తక్కువ. మొక్క ప్రాణం తీసేవి వేరే మూడున్నాయి: మార్చి నుంచి జూన్ దాకా వీచే పొడి వేడిగాలి, వేసవిలో ఎంతకీ చల్లబడని రాత్రులు, వానాకాలంలో వెచ్చగా, తడిగా, గాలి ఆడకుండా ఉండిపోయే మట్టి. ఈ లోటును అమెరికావారే కొంత గుర్తించారు. అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో వేడి జోన్ల పటం ఒకటి తెచ్చింది. ఏడాదిలో 30 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులు సగటున ఎన్ని అన్నది దాని కొలత. అలాంటి రోజులు 210 దాటితే చివరిదైన 12వ జోన్. మన మైదాన పట్టణాల్లో చాలావాటిని కళ్లు మూసుకుని ఆ 12లో వేయవచ్చు. అప్పుడు విశాఖపట్నానికీ రామగుండానికీ తేడా మాయమైపోతుంది. ఆ రెండు ఊళ్లలో ఒకే మొక్కను పెంచి చూసినవారెవరూ ఆ లెక్కను ఒప్పుకోరు.

చలి జోన్లు నిజంగా పనికొచ్చే చోట కూడా అవి ఎంతవరకు పనికొస్తాయో డాలస్‌లోని తెలుగు కుటుంబాల పెరళ్లు చూపించాయి. అక్కడ పరదేశపు మొక్కలంటే కరివేపాకు, మునగ, మల్లె. డాలస్ పరిసరాల్లో చాలా భాగం జోన్ 8 కిందికి వస్తుంది, అంటే ఏటా అతి చల్లని రాత్రి సగటున −12 నుంచి −7 డిగ్రీల మధ్య ఉంటుంది. మునగను అక్కడ నేలలో పెట్టి, శీతాకాలంలో మొదలు చుట్టూ ఎండుగడ్డి కప్పి, పైభాగం పోయినా వసంతంలో వేరు నుంచి చిగురిస్తుందన్న ఆశతో నెట్టుకొచ్చేవారు ఉంటారు. 2021 ఫిబ్రవరి 16న డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత సుమారు −19 డిగ్రీలకు పడింది. సగటు మీద వేసిన ప్రణాళికకు ఆ ఒక్క రాత్రే గండి కొట్టింది. 2023 నాటి కొత్త పటంలో అమెరికాలో సుమారు సగం ప్రాంతం అర జోన్ వెచ్చటి వైపు జరిగింది. అయినా సగటు పెరిగినంత మాత్రాన అలాంటి రాత్రి మళ్లీ రాదని పూచీ లేదు. కరివేపాకును కుండీలోనే ఉంచి, అక్టోబరు చివర్లో ముందస్తు సూచనలు చూసుకుంటూ గరాజ్‌లోకి జరిపే పద్ధతికి అంత పట్టు ఉన్నది అందుకే.

కాబట్టి వాతావరణాన్ని కనిపెట్టుకుని ఉండడమంటే మొదట ఏ గంటలు ఆ మొక్కకు ముఖ్యమో తెలుసుకోవడం. మొక్కను నిర్ణయించేది సగటు కాదు, కొన్ని గంటలు. ఆ గంటలు ఏవో అది పుట్టిన చోటు చెబుతుంది. అన్నిటికన్నా ముందు చూడవలసిన విషయాన్ని చాలామంది చూడరు: దాని స్వదేశంలో వాన ఏ కాలంలో పడుతుంది? లావెండర్ మధ్యధరా తీరపు మొక్క. అక్కడ వాన శీతాకాలంలో పడుతుంది, వేసవి ఎండగా, పొడిగా ఉంటుంది. ఎండాకాలంలో నీళ్లు లేకుండా నెమ్మదించడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. హైదరాబాద్‌లో దానికి జూలై, ఆగస్టుల్లో వేడీ తడీ కలిసి వస్తాయి. ఆ జోడింపును దాని వేర్లు ఎన్నడూ ఎరగవు. అందుకే జాగ్రత్తగా నీడ కట్టి మే గడిపించిన లావెండర్ ఆగస్టులో పోతుంది. తోటమాలి ఎండను నిందిస్తాడు. అసలు కారణం వాన.

దీనికి ఎదురుగా నిలిచే సాక్ష్యం గోల్కొండలోనే ఉంది. నయా ఖిల్లాలో హాథియోంకా ఝాడ్ అని పిలిచే బయోబాబ్ ఆఫ్రికా సవన్నాల జాతి. వేసవిలో వాన, ఆపైన ఎనిమిది నెలల ఎండు కాలం అన్నది దాని స్వదేశపు లయ. దక్కను లయా అదే. ఎవరు ఏ ఓడలో తెచ్చారో గానీ, శతాబ్దాలుగా అది ఇక్కడ బలిసి, మొదలు చుట్టుకొలత 27 మీటర్ల దాకా పెరిగింది. మే నెలలో వీధుల్ని ఎర్రగా కప్పే తురాయి మడగాస్కర్‌ది. మెదక్ గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండా కాసే సీతాఫలం అమెరికా ఖండాల ఉష్ణప్రాంతాలది. ఇవన్నీ వానా ఎండా వచ్చే వరస కుదిరిన మొక్కలు. అలా కుదిరిన మొక్క కొద్ది తరాల్లో పరదేశపుదన్న పేరే పోగొట్టుకుంటుంది. సీతాఫలాన్ని ఎవరైనా పరాయి పండంటే ఈనాడు తెలుగువాడికి నవ్వొస్తుంది.

వాన వరసను కనిపెట్టే పద్ధతి మనకు కొత్తది కాదు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులను ఒక కార్తెగా లెక్కించి, ఏ కార్తెలో వాన పడితే ఏది విత్తాలో, పడకపోతే ఏమి ఆశ వదులుకోవాలో రైతులు సామెతల్లో భద్రపరిచారు. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న మాటలో ఉన్నది నిర్ణయానికి గడువు తేదీ: సెప్టెంబరు రెండో సగంలోనూ వాన జాడ లేకపోతే ఇక ఆ ఊరు వదలవచ్చు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నదీ ఉత్తి అతిశయోక్తి కాదు. హైదరాబాద్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు 1966 జూన్ 2న, అంటే సరిగ్గా రోహిణిలోనే వచ్చింది. అయితే కార్తెల జ్ఞానం జొన్నకూ వరికీ కందికీ సంబంధించిన జ్ఞానం. గాలి ఎంత పొడిగా ఉంది, అర్ధరాత్రి ఎన్ని డిగ్రీలుంది అన్నవి వాటికి అంత అవసరం లేదు గనుక సామెతల్లోకి ఎక్కలేదు. పరదేశపు మొక్కకు కావలసినవి సరిగ్గా అవే.

గాలి పొడితనం సంగతి కడియం నుంచి హైదరాబాద్‌కు వచ్చే మొక్కల్లో స్పష్టంగా చూడవచ్చు. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీలు రెండు రాష్ట్రాలకే కాక దేశమంతటికీ మొక్కలు పంపుతాయి. కాలువల పక్కన, షేడ్‌నెట్ కింద, తడి నేల మీద పెరిగిన మొక్క ఫిబ్రవరిలో లారీ ఎక్కి ఒక్క రాత్రిలో హైదరాబాద్ మిద్దె మీదికి చేరుతుంది. రెండు చోట్లా ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉండవచ్చు, అయినా వారంలో ఆకులు ముడుచుకుంటాయి. తేమ శాతం ఒక్కటే చూస్తే ఇక్కడ జరిగేది అర్థం కాదు, ఎందుకంటే ఆ శాతం అర్థం వేడిని బట్టి మారిపోతుంది. 20 డిగ్రీల దగ్గర 50 శాతం తేమ అంటే గాలి ఇంకా సుమారు 1.2 కిలోపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) మేరకు ఆవిరిని పీల్చుకోగలదని. అదే 50 శాతం 40 డిగ్రీల దగ్గర 3.7 కిలోపాస్కల్స్. తోటల పెంపకంలో దీన్ని ఆవిరి పీడన లోటు అంటారు. గ్రీన్‌హౌస్ నడిపేవారు వీపీడీ అని పొట్టిగా పిలుస్తారు. వానాకాలపు ఒక మబ్బు రోజున 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే లోటు 0.85 మాత్రమే. ఏప్రిల్ చివర మధ్యాహ్నం 40 డిగ్రీలు, 25 శాతం తేమ ఉంటే 5.5. అంటే ఆకు మీద గాలి లాగుడు ఆరు రెట్లకు పైగా పెరిగింది. కుండీ నిండా నీళ్లున్నా వేర్లు అంత వేగంగా పైకి పంపలేవు. ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది, చల్లబడడం ఆగిపోతుంది, అంచులు మాడతాయి. మధ్యాహ్నం వాలిన ఆకును చూసి మళ్లీ మళ్లీ నీళ్లు పోయడం వల్ల ఇలాంటప్పుడు కలిగే ఫలితం వేరుకుళ్లు ఒక్కటే.

ఈ లెక్క తెలిసిన పెంపకందారు రోజుకు ఒక వరస రాసుకుంటాడు: మధ్యాహ్నం మూడు గంటల ఉష్ణోగ్రత, తేమ, వాటి నుంచి వచ్చే లోటు. రంబుటాన్, మాంగోస్టీన్ వంటి తడి అడవుల మొక్కలు కేరళలో ఎందుకు కాస్తాయో, హైదరాబాద్ మిద్దె మీద ఎందుకు మొండికేస్తాయో ఆ ఒక్క వరస చెబుతుంది. కొత్త మొక్కను ఎప్పుడు తెచ్చుకోవాలో కూడా చెబుతుంది. తేమలో పుట్టిన ఆకు పొడిగాలికి దాదాపు అలవాటు పడదు. పొడిగాలిలో పుట్టే కొత్త ఆకే దళసరిగా వస్తుంది. కాబట్టి కడియం మొక్కకు కావలసింది ఒక విడత కొత్త చిగురు వేసేంత వ్యవధి. తొలకరి తరువాత తెచ్చిన మొక్కకు ఏడెనిమిది నెలలు చేతిలో ఉంటాయి. ఫిబ్రవరిలో తెచ్చినదానికి నెల కూడా ఉండదు.

అంకెలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది తరువాతి ప్రశ్న. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు పెద్ద పట్టణాల్లో దశాబ్దాల రికార్డులున్నాయి. రైతుల కోసం మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే వ్యవసాయ వాతావరణ సలహాలూ, 2019లో వచ్చిన మేఘదూత్ యాప్ అందించే జిల్లా సూచనలూ ఉన్నాయి. తెలంగాణలో రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సంస్థ వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు నడుపుతోంది. ఒక పెరటి తోటమాలికి ఇంతకన్నా పెద్ద వరం లేదు. హైదరాబాద్ అంటే బేగంపేట కేంద్రం అంకె ఒక్కటే అన్న రోజులు పోయి, జనవరిలో నిర్మలమైన రాత్రి నగరం నడిబొడ్డుకూ శేరిలింగంపల్లి, పటాన్‌చెరు వైపు శివార్లకూ నాలుగైదు డిగ్రీల తేడా ఉండడం అరుదు కాదన్న సంగతి ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. ఉపగ్రహాలు, కంప్యూటర్ నమూనాల ఆధారంగా గతకాలపు వాతావరణాన్ని తిరిగి నిర్మించిన ఉచిత సమాచారమూ ఉంది. ఐరోపావారి ఈఆర్‌ఏ5 అలాంటిదే. 1940 నుంచి గంట గంటకూ విలువలు దొరుకుతాయి గానీ ఒక్కో గడి సుమారు 31 కిలోమీటర్లు; బేగంపేటా పటాన్‌చెరూ ఒకే గడిలో పడిపోయేంత. మొక్క స్వదేశాన్నీ మన జిల్లానూ పక్కపక్కన పెట్టి నెలవారీగా పోల్చడానికి అది చక్కగా సరిపోతుంది. పెరట్లో దానిమ్మ చెట్టు కింద ఎంత ఉందో అడగడానికి మాత్రం సరిపోదు.

అందుకే సొంత కొలత. వందల రూపాయల్లో దొరికే డిజిటల్ థర్మామీటర్ మీద కొనగానే కుదిరే నమ్మకం చాలావరకు దండగ, ఎందుకంటే దాన్ని ఎక్కడ పెట్టారన్నదాని మీద దాని మాట ఆధారపడుతుంది. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్‌ను తెల్లరంగు వేసిన, గాలి ఆడే చెక్క పెట్టెలో, నేలకు మనిషి ఛాతీ ఎత్తున ఉంచడం పంతొమ్మిదో శతాబ్దంలో థామస్ స్టీవెన్‌సన్ రూపొందించిన ఏర్పాటు. ఎండ సోకని గాలి వేడిని మాత్రమే కొలవడం దాని ఉద్దేశం. గోడకు మేకు కొట్టి తగిలించిన పరికరం గోడ వేడిని చెబుతుంది. తెల్లటి ప్లాస్టిక్ పళ్లేలను అంగుళం అంగుళం ఎడంతో ఒకదాని కింద ఒకటి బోర్లించి, మధ్యలో రంధ్రం చేసి సెన్సర్ వేలాడదీస్తే ఇంట్లోనే ఆ పెట్టెకు దగ్గరి పని జరుగుతుంది. పరికరం నిజం చెబుతోందా అన్నది వంటింట్లోనే తేల్చవచ్చు. దంచిన మంచుగడ్డల్లో కొద్దిగా నీళ్లు కలిపి, తీగకున్న సెన్సర్ మొన ముంచి కాసేపు ఉంచితే సున్నా చూపాలి. ఒకటిన్నర చూపితే ఇక ముందు ప్రతి అంకెలోంచీ ఒకటిన్నర తీసేయాలి. తేమ మీటరుకు పరీక్ష ఇంకా సులువు. సీసా మూతలో ఉప్పు వేసి, తడిసీ తడవనట్టు చెమ్మ చేసి, మీటరుతో పాటు గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఒక రాత్రి వదిలేస్తే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఉదయం మీటరు 68 అంటే లోటు మీటరుదే.

ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టుకునే పరికరాన్ని తెల్లవారుజామున, సరిగ్గా చలి బాగా ఉన్న వేళ రీసెట్ చేస్తే ఆ చలే మరునాటి ఖాతాలోనూ పడుతుంది. ఒక చల్లని రాత్రి రెండుగా లెక్కకొస్తుంది. వాతావరణ శాఖలా ఉదయం 8:30కు కనిష్ఠాన్నీ, ఎండ తగ్గాక సాయంత్రం గరిష్ఠాన్నీ రాసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. ఒక శీతాకాలం పాటు అలా రాసి, దగ్గరలోని అధికారిక కేంద్రం అంకెలను పక్కన పెడితే పెరటికి తనదైన తేడా ఒకటి బయటపడుతుంది. కానీ ‘మా పెరడు కేంద్రం కన్నా రెండు డిగ్రీలు చల్లన’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మళ్లీ సగటు బుట్టలోనే పడ్డట్టు. మబ్బు పట్టిన రాత్రి, గాలి వీచే రాత్రి ఆ తేడా దాదాపు ఉండదు. ఆకాశం నిర్మలంగా ఉండి, ఆకు కదలని రాత్రి అది నాలుగు దాకా పోవచ్చు. నిర్మలమైన రాత్రులను విడిగా లెక్కించినవారే కేంద్రం ఇచ్చే ముందస్తు సూచనను తమ పెరటి భాషలోకి మార్చుకోగలరు.

నిర్మలమైన రాత్రి ఏం చేస్తుందో లంబసింగిలో ఏటా చూస్తాం. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో సున్నా డిగ్రీలంటూ ప్రతి శీతాకాలమూ వార్తలొస్తాయి. ప్రతి శీతాకాలమూ అది నిజమా కాదా అన్న వాదనా వస్తుంది. రెండు పక్షాలూ తప్పు కానక్కరలేదు. ఆకాశానికి వేడిని వదిలేసే గడ్డి, వాహనాల పైకప్పు, బయటి ఆకు, వాటి చుట్టూ ఉన్న గాలి కన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చల్లబడతాయి. పెట్టెలో థర్మామీటర్ మూడు చూపుతున్న వేళ గడ్డి మీద మంచు గట్టిపడి ఉండవచ్చు. పర్యాటకుడికి అది ఫొటో. స్ట్రాబెర్రీ వేసిన రైతుకు అది పూత సంగతి. గాలి ఉష్ణోగ్రత ఒక్కటే చూసుకునేవారు నేల మట్టాన పాకే మొక్క విషయంలో మోసపోతారు. చల్లని గాలి బరువైనది గనుక వాలు వెంట నీళ్లలా జారి పల్లంలో గుమికూడుతుంది. గట్టు మీది కాఫీ మొక్క చెక్కుచెదరని రాత్రి లోయ అడుగున ఉన్నది కమిలిపోతుంది. అరకు, పాడేరు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడ పగటి ఎండను ఆపడంతో పాటు రాత్రి ఆకు వేడి ఆకాశానికి పోకుండా దుప్పటిలా పనిచేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఆ చెట్లను పెద్ద ఎత్తున కూల్చినప్పుడు కాఫీ పోగొట్టుకున్నది నీడను మాత్రమే కాదు.

మైదానంలోని మిద్దెతోటకు సమస్య తిరగబడి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం శ్లాబు పాదం పెట్టనివ్వదు, నల్ల ప్లాస్టిక్ కుండీ పక్క అంతకన్నా కాలుతుంది. చాలా మొక్కల వేర్లు 38 డిగ్రీలు దాటగానే పెరగడం మానేస్తాయి. ఎండ తగిలే పడమటి పక్క మట్టి అంతకు మించి చాలా పైకి పోగలదు. వంటకు వాడే పొడవాటి మొన థర్మామీటర్‌ను కుండీలో జానెడు లోతున గుచ్చి సాయంత్రం నాలుగింటికి ఒకసారి చూస్తే చాలు, పైన వేసిన షేడ్‌నెట్ కన్నా కుండీని ఇటుకల మీదికెత్తి, తెల్ల రంగు వేసి, చుట్టూ గోనెపట్టా కట్టడం ఎందుకు ఎక్కువ మేలు చేసిందో తెలుస్తుంది. డ్రాగన్ ఫ్రూట్ దీనికి మంచి ఉదాహరణ. కాక్టస్ కదా, ఎండ ఎంతైనా తట్టుకుంటుందనుకుంటారు. నిజానికి అది మధ్య అమెరికా అడవుల్లో చెట్లను పట్టుకుని పాకే మొక్క. ఉష్ణోగ్రత 40 దగ్గరికి చేరిన రోజుల్లో పడమటి వైపు కాండం పసుపుబారి, మెత్తబడి, తరువాత కుళ్లుతుంది. తోటల్లో రైతులు కాండానికి సున్నపు పూత వంటిది వేస్తున్నది అందుకే.

ఎండ వచ్చే దిక్కు కూడా రాసుకోవలసిన విషయమే, మనలో చాలామంది అది మారదనుకుంటాం. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చి నీడ కనిపించదు. ఆ రెండింటి మధ్య మూడు నెలలూ సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. ఉదయాస్తమయాలు ఈశాన్య, వాయవ్యాల వైపు బాగా జరుగుతాయి. డిసెంబరులో ఉత్తరపు గోడ పక్క రోజంతా నీడని చూసి అక్కడ పెట్టిన బిగోనియాకు జూన్‌లో పొద్దున రెండు మూడు గంటలు, సాయంత్రం రెండు మూడు గంటలు సూటిగా ఎండ తగులుతుంది. పొద్దుటి ఎండ సరే, నాలుగింటి ఎండకు అది నిలవదు. ఐరోపా తోటల పుస్తకాలు చదివి ‘ఉత్తర ముఖం అంటే నీడ’ అన్న సూత్రం ఇక్కడికి తెచ్చినవారికి జూన్ దాకా తమ తప్పు తెలియదు.

రాత్రుల సంగతి మరీ తక్కువ మంది పట్టించుకుంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన వంటింటిదైపోయిన టమాటాయే రాత్రి ఉష్ణోగ్రత 21–24 డిగ్రీలు దాటాక కాయ పట్టడం తగ్గిస్తుంది. ఏప్రిల్‌లో పూత రాలడానికి ఎరువుల లోపం వెతకడం కన్నా రాత్రి అంకె చూడడం మేలు. ఫలనాప్సిస్ ఆర్కిడ్‌కు పూకాడ రావాలంటే కొన్ని వారాలు 25 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. 28 దాటుతూ ఉంటే ఆకులు మాత్రమే వేస్తుంది. హైదరాబాద్‌లో నవంబరు చివరి నుంచి జనవరి దాకా, కిటికీ తెరిచి ఉంచిన గదిలో ఆ వారాలు దొరుకుతాయి. ఆర్కిడ్‌ను ఏసీ గదిలో ముద్దుగా చూసుకుంటూ అసలైన చల్లని వారాల్లో కిటికీ మూసి ఉంచేవారికి పువ్వు రాదు. సింబీడియం మరీ కచ్చితమైనది, దానికి శరత్కాలంలో 15 లోపు రాత్రులు వరసగా కావాలి. మైదానంలో అవి చెదురుమదురుగా వస్తాయి, కొండల మీద వరసగా వస్తాయి.

యాపిల్ విషయంలో కొలత ఇంకో రకం. చలికాలపు నిద్రలోంచి లేచి పూయడానికి ఆ చెట్టుకు కావలసినవి చలి గంటలు, అంటే ఉష్ణోగ్రత 0 నుంచి 7.2 డిగ్రీల మధ్య గడిచిన గంటల మొత్తం. కశ్మీరు, సిమ్లా రకాలకు అవి ఎనిమిది వందల నుంచి వెయ్యికి పైగా కావాలి. ఇజ్రాయెల్‌లో రూపొందిన అన్నా రకానికి రెండు మూడు వందలు చాలంటారు. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో వేడి ప్రాంతాల కోసం వచ్చిన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్–99 దేశమంతా పాకింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి ప్రాంతంలో యాపిల్ కాసిందన్న వార్త 2020లో తెలుగు నాట చాలామంది చేత మొక్కలు కొనిపించింది. కెరమెరి రాత్రి వేరు, విజయవాడ రాత్రి వేరు అన్నది ఆ కొనుగోళ్లలో చాలావరకు లెక్కకు రాలేదు. హైదరాబాద్ నగరంలో చలి గంటలు లెక్కబెట్టబోతే దాదాపు ఏమీ ఉండవు. 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకు పడడం ఇప్పటికీ అక్కడి రికార్డు. అయినా ఆ సున్నాతోనే కథ ముగియలేదు. భూమధ్యరేఖకు దక్షిణాన, చలికాలమే లేని తూర్పు జావాలోని బటు కొండల్లో పంట కోశాక చెట్టు ఆకులన్నీ చేత్తో దూసేసి, నిద్రలోకి పోకముందే మళ్లీ పూత తెప్పించి, ఏడాదికి రెండు కాపులు తీస్తారు. చలి గంటలు లేని చోట పెంపకందారు అలా చేత్తో కాలం మార్చాడు. మిద్దె మీద ఒక యాపిల్ ఉన్నవారు అక్టోబరులో ఆకు దూసి, తేదీ రాసుకుని చూడదగ్గ ప్రయోగం అది. పండు రుచి కశ్మీరుతో పోల్చకపోతే నిరాశా ఉండదు.

చివరగా వాన కొలత. నిలువు గోడల డబ్బా ఏదైనా రెయిన్ గేజే. అందులో నిలిచిన నీటి లోతును స్కేలుతో కొలిస్తే మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. వాన కొలిచినవారిలో కూడా చాలామంది దాన్ని కుండీ లెక్కలోకి మార్చరు. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న కుండీ మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే అందులోకి మూడున్నర లీటర్లు దిగుతుంది. జూలైలో గాలి లాగుడు ఒకటి కన్నా తక్కువగా ఉన్న రోజుల్లో ఆ నీరు బయటికి పోవడానికి మే నెలలోలా ఒక పూట చాలదు, వారం పడుతుంది. పైగా కేంద్రంలో నమోదైన అంకె పక్క కాలనీది. ఉరుముల వాన మూడు కిలోమీటర్లలో దంచికొట్టి ఇక్కడ చినుకైనా రాల్చకపోవచ్చు. తూర్పు ఆఫ్రికా, అరేబియా ఎండునేలల అడీనియం, అంటే ఎడారి గులాబీ, మే నెలంతా మిద్దె మీద పూసి, వేర్లు ఉబ్బి, చూడముచ్చటగా ఉంటుంది. వారం రోజుల్లో డబ్బాలో నూరు మిల్లీమీటర్లు దాటి, మధ్యాహ్నపు లోటు ఒకటికి దిగువన నాలుగు రోజులు నిలిచి, రాత్రి 23 డిగ్రీల కిందికి దిగకపోతే దాని దుంప మెత్తబడడం మొదలవుతుంది. ఆకులు మాత్రం ఇంకో పది రోజులు పచ్చగానే కనిపిస్తాయి. కుండీని రేకుల పంచన కిందికి జరపవలసింది ఆ నాలుగో రోజున.